మంటల వేడికి పెద్ద బిల్డింగులు ఎలా బలహీనపడతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, ఏ ఊరు చూసినా మెయిన్ రోడ్డు మీద ఇప్పుడు ఐదారు అంతస్తుల బిల్డింగులు లేస్తున్నాయి. సెల్లార్‌లో గోదాం, కింద మడిగెలు, పైన ఆసుపత్రో కోచింగ్ సెంటరో, ఆ పైన కుటుంబాలు. స్ట్రక్చరల్ డిజైన్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, ఎక్కడ అగ్నిప్రమాదం వార్త వచ్చినా మా ఆఫీసుకు వచ్చే బిల్డర్లు, ఇంటి ఓనర్లు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులు ఒకచోట ఉంటే మంచిదని ఇది రాశాను.

మంటకు ఇనుము కరిగిపోయి బిల్డింగ్ కూలుతుందా?

కరగదు. కూలడానికి కరగాల్సిన అవసరమూ లేదు. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి (ఇక్కడ డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). ఇల్లు, షాపు, ఆఫీసు కాలితే వచ్చే వేడి మామూలుగా 800 నుంచి 1100 డిగ్రీల మధ్య ఉంటుంది. కానీ ఉక్కు కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. 400 డిగ్రీల దాకా దాని బలం దాదాపు అలాగే ఉంటుంది. 500 దగ్గర నాలుగింట మూడు వంతుల పైచిలుకు మిగులుతుంది. 600కు వచ్చేసరికి సగం కూడా ఉండదు, 700కు నాలుగో వంతు కూడా మిగలదు. వంగకుండా నిలబడే బిగువు ఇంకా ముందే పోతుంది. 600 డిగ్రీల దగ్గర అది మూడో వంతుకు పడిపోతుంది.

డిజైన్ చేసేటప్పుడు మేము కొంత అదనపు బలం ఉంచుతాం. రోజువారీ బరువుకు ఒక బీము తన శక్తిలో సగమో, సగానికి కాస్త ఎక్కువో వాడుతూ ఉంటుంది. కాబట్టి బలం సగానికి పడిపోయిన రోజున ఆ అదనం మొత్తం ఖర్చైపోయినట్టే. పైన ఉన్న అంతస్తుల బరువు మాత్రం ఒక్క కిలో తగ్గదు.

అంత వేడి ఎంతసేపట్లో వస్తుంది?

అందరూ అనుకునేదానికంటే చాలా త్వరగా వస్తుంది. భవనాల భాగాలను కొలిమిలో పెట్టి పరీక్షించడానికి ప్రపంచమంతా ఒక ప్రామాణిక లెక్క ఉంది. దాని ప్రకారం 5 నిమిషాలకు 576 డిగ్రీలు, అరగంటకు 842, గంటకు 945, రెండు గంటలకు 1049. ఇది గదిలో గాలి వేడి. పిల్లర్ లోపలికి, బీము లోపలికి ఆ వేడి ఎంత నెమ్మదిగా దిగితే భవనానికి అంత టైమ్ దొరుకుతుంది. ఫైర్ రేటింగ్ ఒక గంట, రెండు గంటలు అని చెప్పేది ఈ టైమ్ గురించే. రెండు గంటల రేటింగ్ ఉంటే రెండు గంటల తర్వాత కూలుతుందనీ కాదు, అంతవరకు ఏ ఢోకా లేదనే హామీ కూడా కాదు. కొలిమిలో ఆ భాగం ఒక్కటే పరీక్షకు నిలబడింది, అసలు మంటలో మొత్తం బిల్డింగ్ నిలబడాలి.

మనవి ఆర్‌సీసీ (లోపల ఇనుప రాడ్లు పెట్టి పోసిన కాంక్రీట్) బిల్డింగులు. కాంక్రీట్ కాలదు కదా, మరి భయమెందుకు?

కాంక్రీట్ అంటుకోదన్నది నిజమే, వేడిని కూడా చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. అందుకే విడి ఇనుప ఫ్రేముల కంటే ఆర్‌సీసీ మేలు. కానీ వేడికి దాని లోపల జరిగేవి చాలానే ఉన్నాయి.

మొదట నీళ్లు. గట్టిపడిన కాంక్రీట్‌లోనూ తేమ ఉంటుంది. 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరి కావడం మొదలవుతుంది. బయటికి పోయే దారి లేకపోతే ఒత్తిడి పెరిగి పైపొర పేలినట్టు ఊడిపోతుంది. దీన్నే మేము స్పాలింగ్ అంటాం. కాంక్రీట్ ఎంత దట్టంగా, ఎంత ఎక్కువ గ్రేడ్‌లో ఉంటే ఆవిరికి దారి అంత తక్కువ. హైదరాబాద్‌లో కట్టే ముప్ఫై నలభై అంతస్తుల టవర్లలో ఈ బెంగ ఎక్కువ. దానికి మందుగా కాంక్రీట్‌లో పాలీప్రొపిలీన్ పోగులు కలుపుతారు. 160, 170 డిగ్రీల దగ్గర ఆ పోగులు కరిగిపోయి, ఆవిరి పోవడానికి సన్నని దారులు మిగులుతాయి.

తర్వాత సిమెంట్ వంతు. 400 నుంచి 500 డిగ్రీల మధ్య గట్టిపడిన సిమెంట్‌లోని కాల్షియం హైడ్రాక్సైడ్ విడిపోయి సున్నం మిగులుతుంది. బంధం వదులవుతుంది. 300 డిగ్రీల పైన కాంక్రీట్ బలం మెల్లగా తగ్గుతూ వచ్చి, 600 దాటాక దాన్ని బరువు మోసేదిగా లెక్కలోకి తీసుకోవడం కష్టం.

ఇక కంకర. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం చాలావరకు గ్రానైట్ నేల. మన క్రషర్ల నుంచి వచ్చే కంకర ఆ రాయే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికాల అమరిక మారి, రాయి ఒక్కసారిగా ఉబ్బుతుంది, పగుళ్లు వస్తాయి. ఈ గుణం మన రాళ్లు కొట్టేవాళ్లకు తరాలుగా తెలుసు. మందుగుండు లేని రోజుల్లో వడ్డెర పనివాళ్లు బండ మీద కట్టెలు పేర్చి, సన్నని మంట పెట్టి, పొరలు పొరలుగా బండ లేపేవారు. మంట వరస ముందుకు జరుపుతూ, బండ మీద సుత్తితో కొట్టి, మోగే శబ్దాన్ని బట్టి పొర ఎక్కడిదాకా విడిందో చెప్పేవారు. పిల్లర్‌లో ఉన్న కంకరకు జరిగేదీ అదే. సున్నపురాయి కంకర ఈ విషయంలో కొంచెం మెరుగు. అలాగని కంకర మార్చమని ఎవరికీ చెప్పను. సరైన కవర్ ఉంటే మన గ్రానైట్ కంకరతోనే రెండు గంటల బిల్డింగ్ కట్టొచ్చు.

కవర్ అంటే ఏంటి? దానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

కాంక్రీట్ బయటి అంచు నుంచి లోపలి రాడ్డు వరకు ఉండే మందమే కవర్. మంటకూ రాడ్డుకూ మధ్య అడ్డం ఉండేది అదొక్కటే. గంటసేపు గట్టి మంట తగిలితే సుమారు రెండు సెంటీమీటర్ల లోతులో వేడి 500 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. రాడ్డు అక్కడే ఉంటే దాని బలం జారిపోవడం మొదలైనట్టే. ఇంకో రెండు సెంటీమీటర్లు లోపల ఉంటే మరో గంట దొరుకుతుంది.

కాంక్రీట్ కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్‌లో దీనికి పట్టిక ఉంది. రెండు గంటలు తట్టుకోవాలంటే, కొనసాగే స్లాబులకు 25 మిల్లీమీటర్లు, విడిగా రెండు గోడల మీదే ఆనే స్లాబులకు 35. బీములకు అలాగే 30, 40. పిల్లర్లకు 40. మూడు గంటలు కావాలంటే విడి బీముకు 60 వరకు పోవాలి. కవర్ మరీ ఎక్కువైనా పొర ఊడిపడే ప్రమాదం ఉంది కాబట్టి, అలాంటి చోట లోపల సన్న జాలీ వంటి అదనపు ఏర్పాటు కావాలని కూడా కోడ్ చెబుతుంది.

ఇప్పుడు సైటు మీద ఏం జరుగుతుందో చూడండి. డ్రాయింగ్‌లో 25 అని ఉంటుంది. కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు ఏరి రాడ్ల కింద పెడతారు. స్లాబ్ పోసే రోజు పొద్దున మిక్సర్ మోగడంతోనే తట్టలు మోసేవాళ్లు, వైబ్రేటర్ పట్టుకున్నవాళ్లు రాడ్ల జాలీ మీదుగానే తిరుగుతారు. రాళ్లు పక్కకు దొర్లిపోతాయి, జాలీ సెంట్రింగ్ షీటును తాకుతుంది. సెంట్రింగ్ విప్పాక స్లాబు అడుగున రాడ్డు గీతలు కనిపిస్తాయి. ఆ సాయంత్రమే గిలాబా చేసి మూసేస్తారు. మామూలు రోజుల్లో దాని వల్ల ఏ తేడా కనిపించదు. మంట వచ్చిన రోజున ఆ స్లాబుకు కోడ్ అనుకున్న రెండు గంటలు ఉండవు. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది, ఎందుకంటే ఇంత తక్కువ ఖర్చుతో అయ్యే ఫైర్ సేఫ్టీ పని ఇంకొకటి లేదు.

గిలాబా మందంగా ఉంటే సరిపోదా?

కొంత పనికొస్తుంది, అది ఊడనంతసేపు. మామూలు సిమెంట్ గిలాబా వేడికి త్వరగా పెచ్చులూడుతుంది, సీలింగ్‌కు చేసింది ముందే రాలుతుంది. కవర్ తక్కువైంది కదా అని గిలాబా మందం పెంచడం నేను ఒప్పుకోను. జిప్సం బోర్డులు, వర్మిక్యులైట్ (వేడిని ఆపే తేలికైన ఖనిజం) పూతలు దీనికంటే నయం. జిప్సంలో బరువులో ఐదో వంతు దాకా నీరు రసాయనికంగా బంధించి ఉంటుంది, అది ఆవిరయ్యేంతసేపు వెనక వేడి పెరగదు.

9 అంగుళాల పిల్లర్లు వేస్తున్నారు. మంటకు ఆగుతాయా?

గోడలో కలిసిపోయే పిల్లర్ వేరు, విడిగా నిలబడే పిల్లర్ వేరు. ఐఎస్ 456 ప్రకారం నాలుగు వైపులా మంట తగిలే పిల్లర్ రెండు గంటలు ఆగాలంటే సన్నని వైపు కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలి. గంటన్నరకు 250, గంటకు 200. మనవాళ్లు గోడ మందంలో కలిసిపోవాలని వేసే 9 అంగుళాల పిల్లర్ 230 మిల్లీమీటర్లు. పైఅంతస్తులో రెండు వైపులా ఇటుక గోడ ఉంటే మంట తగిలేది సగం భాగానికే, అప్పుడు 200 ఉన్నా రెండు గంటలకు సరిపోతుంది. కానీ అదే పిల్లర్ సెల్లార్‌లో, పార్కింగ్‌లో నాలుగు వైపులా బయటికి ఉంటుంది. మొత్తం బిల్డింగ్ బరువు దాని మీదే. అంటే ఎక్కువ బరువున్న చోటే తక్కువ రక్షణ. సెల్లార్, స్టిల్ట్ పిల్లర్లకైనా 300కు తగ్గొద్దని నేను గట్టిగా పట్టుబడతాను. పార్కింగ్‌లో కారు తిప్పుకోవడానికి అడ్డమని బిల్డర్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

స్లాబు సంగతి త్వరగా చెప్తాను. రెండు గంటలకు 125 మిల్లీమీటర్ల మందం కావాలి. ఐదు అంగుళాల స్లాబు సరిపోతుంది, నాలుగు అంగుళాలది గంట పైన కాస్తే.

వేడికి ఇనుము సాగితే సాగనీ, కొన్ని మిల్లీమీటర్లకే బిల్డింగ్ కూలుతుందా?

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. కమ్మరి ఎద్దుబండి చక్రానికి పట్టా ఎక్కించడం మన ఊళ్లలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చితే అది సాగి చక్రానికి సులువుగా పడుతుంది, నీళ్లు పోయగానే ముడుచుకుని చక్రం కీళ్లన్నీ బిగబట్టేస్తుంది. సాగేటప్పుడూ ముడుచుకునేటప్పుడూ దానికుండే బలం మనిషి ఆపగలిగేది కాదు.

లెక్క చూడండి. 10 మీటర్ల ఉక్కు బీము 500 డిగ్రీలు వేడెక్కితే 6 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండు చివర్లా పిల్లర్లు ఉంటే ఆ 6 సెంటీమీటర్లు ఎక్కడికి పోవాలి? పిల్లర్‌ను బయటికి తోస్తుంది, లేదా బీమే కిందికి వంగిపోతుంది, లేదా బోల్టులు తెగుతాయి. కాంక్రీట్ కూడా దాదాపు ఇంతే సాగుతుంది. పొడుగాటి బిల్డింగులో మధ్య భాగం కాలితే చివరన ఉన్న పిల్లర్లకు ఏటవాలు పగుళ్లు రావడం ఇందుకే. ఆ చివర మంట అసలు తగిలి ఉండదు, అయినా దెబ్బ తింటుంది.

న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఏడో భవనం పడిపోవడానికి మూలం ఇదే. 47 అంతస్తుల ఆ భవనాన్ని విమానం ఢీకొట్టలేదు. 2001 సెప్టెంబర్ 11న పక్క టవర్ శిథిలాలు పడి మంటలు అంటుకున్నాయి. నీళ్ల పైపులు దెబ్బతినడంతో కింది అంతస్తుల స్ప్రింక్లర్లకు (వేడి తగిలితే సీలింగ్ నుంచి వాటంతటవే నీళ్లు చల్లే గొట్టాలు) నీళ్లు రాలేదు. దాదాపు ఏడు గంటలు కాలాక కూలింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతస్తు బీములు వేడికి సాగి ఒక ప్రధాన గర్డర్‌ను (బీములను మోసే పెద్ద బీమును) దాని ఆనిక మీద నుంచి తోసేశాయి. ఆ గర్డర్ పడితే ఆ అంతస్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆసరా పోయిన 79వ నంబర్ పిల్లర్ వంగింది, అక్కడి నుంచి మొత్తం కూలింది. ఉక్కు బలం పెద్దగా తగ్గని వేడికే ఇదంతా మొదలైంది.

వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో విమానాలు ఢీకొన్న రెండు టవర్లు విమాన ఇంధనం వేడికే పడిపోయాయా?

ఆ ఇంధనం నిమిషాల్లోనే కాలిపోయింది. ఆ తర్వాత కాలినవి ఆఫీసుల్లోని ఫర్నిచర్, కాగితాలు, కార్పెట్లు. విమానం తగిలిన దెబ్బకు కొన్ని పిల్లర్లు తెగాయి. అంతకంటే ముఖ్యంగా, ఉక్కుకు చుట్టి ఉన్న రక్షణ పూత ఊడిపోయింది. పూత లేని అంతస్తు ట్రస్సులు (సన్న ఉక్కు కడ్డీలు త్రికోణాలుగా కలిపిన బీములు) వేడికి కుంగి, బయటి పిల్లర్లను లోపలికి లాగాయి. దక్షిణ టవర్ 56 నిమిషాలకు, ఉత్తర టవర్ 102 నిమిషాలకు పడిపోయాయి.

కేవలం మంటలకే కూలిన పెద్ద భవనాలు ఇంకా ఉన్నాయా? నిలబడినవి?

రెండూ ఉన్నాయి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

టెహ్రాన్‌లో 1962లో కట్టిన 17 అంతస్తుల ప్లాస్కో భవనం నిండా బట్టల షాపులు, కుట్టు వర్క్‌షాపులు ఉండేవి. 2017 జనవరి 19న పొద్దున మంట మొదలై, మధ్యాహ్నం లోపే కుప్పకూలింది. మంటలార్పుతున్న ఫైర్ సిబ్బంది ఎందరో దాని కింద పడి చనిపోయారు. బట్టల స్టాకుకు మంట అంటితే ఎంత వేడి ఎంతసేపు ఉంటుందో మన క్లాత్ మర్చంట్లు అందరూ తెలుసుకోవాల్సిన కేసు ఇది. బ్రెజిల్‌లోని సావో పాలోలో 2018 మే 1న 24 అంతస్తుల భవనం గంటన్నరలోపే నేలమట్టమైంది.

మరోవైపు, 1991లో ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరీడియన్ ప్లాజా 18 గంటలకు పైగా కాలింది. 22వ అంతస్తులో మొదలైన మంట ఒక్కో అంతస్తు ఎక్కుతూ 30వ అంతస్తుకు చేరి, అక్కడున్న స్ప్రింక్లర్ల దగ్గర ఆగిపోయింది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. భవనం దారుణంగా దెబ్బతిన్నా కూలలేదు. 2005 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లో విండ్సర్ టవర్ కాలినప్పుడు ఇంకా స్పష్టంగా కనిపించింది. పైభాగంలో పూత వేయని బయటి ఉక్కు పిల్లర్లు పడిపోయాయి, మధ్యలోని కాంక్రీట్ కోర్ (లిఫ్టులు, మెట్ల చుట్టూ ఉండే గట్టి గోడల భాగం) నిలబడింది. ఆ భవనంలో ఉక్కుకు రక్షణ పూత వేసే పని కింది నుంచి మొదలై సగంలో ఉన్నప్పుడే ప్రమాదం జరిగింది. పూత పూర్తయిన అంతస్తులు చాలావరకు నిలిచాయి.

మన దగ్గర అలా జరిగిందా?

2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో ఆరంతస్తుల వాణిజ్య భవనం కాలిపోయింది. లోపల బట్టల స్టాకు. గంటల తరబడి మంటలు అదుపులోకి రాలేదు, లోపల స్లాబులు కుంగి పడ్డాయి, వేడి వల్ల మర్నాడు కూడా లోపలికి వెళ్లడం కష్టమైంది. చివరికి ఆ భవనాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఆర్‌సీసీ కట్టడమే అది. కాలే సరుకు అంత ఉంటే, మంట అంతసేపు ఉంటే, ఆర్‌సీసీ కూడా చేతులెత్తేస్తుంది.

మాది జిల్లా కేంద్రం, ఉన్నది ఐదంతస్తులు. ఈ గొడవంతా మాకెందుకు?

జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 ప్రకారం 15 మీటర్లు, ఆ పైన ఉన్నవన్నీ హైరైజ్ కిందికే వస్తాయి. సెల్లార్ పైన ఐదంతస్తులంటే దాదాపు ఆ గీత మీద ఉన్నట్టే. ఎత్తు కంటే కూడా నాకు బెంగ లోపల పెట్టే సరుకు గురించి. ఇల్లని డిజైన్ చేసిన అంతస్తులో గోదాం పెడితే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. స్లాబు మీద బరువు పెరుగుతుంది, మంట వస్తే కాలేది కూడా పెరుగుతుంది.

సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బండ్లు చార్జింగ్ పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం అంటుకుని, పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. స్విట్జర్లాండ్‌లోని గ్రెట్జెన్‌బాఖ్‌లో 2004 నవంబర్‌లో భూగర్భ పార్కింగ్‌లో కార్లు కాలి, పైకప్పు స్లాబు పిల్లర్ల దగ్గర చిల్లుపడినట్టు కూలి ఏడుగురు ఫైర్‌మెన్ చనిపోయారు. బీములు లేకుండా నేరుగా పిల్లర్ల మీద స్లాబు ఆనించే పద్ధతి ఇప్పుడు మన షాపింగ్ కాంప్లెక్సుల్లోనూ వస్తోంది కాబట్టి చెబుతున్నాను.

జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లుల షెడ్లకు ఇదే వర్తిస్తుందా?

ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఏ పూతా లేని సన్నని ఉక్కు ట్రస్సు పావుగంట, అరగంటలోనే కుంగిపోవచ్చు. పత్తి బేళ్లు పైకి ఆరినట్టు కనిపించి లోలోపల రాజుకుంటూనే ఉంటాయి. సరుకు కాపాడుకోవాలనే ఆత్రంలో హమాలీలను షెడ్డులోకి పంపడం దయచేసి చేయకండి. ట్రస్సు కుంగుతూ కూడా గోడలను లోపలికి లాగుతుంది, ఆ గోడ ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ధాన్యం గోదాముల్లో ఇంకో చిక్కుంది. మంటలార్పే నీళ్లకు బస్తాలు నాని ఉబ్బి గోడలను తోస్తాయి.

బిల్డింగ్ పైన ఇనుప ఫ్రేముతో వేసే పెంట్‌హౌసులు, రూఫ్‌టాప్ హోటళ్లకూ ఇదే మాట. కనీసం వేడికి ఉబ్బే పెయింటు వేయించండి. 200, 250 డిగ్రీల దగ్గర అది నురగలా ఉబ్బి ఉక్కుకు దుప్పటిలా అడ్డం పడుతుంది.

ఫైరింజన్ నీళ్లు వేడి పిల్లర్ మీద పడితే పగిలిపోతుందట, నిజమా?

పైపొర పగుళ్లు ఇస్తుంది, పెచ్చులూడతాయి. అలాగని నీళ్లు కొట్టకుండా ఆపడం మాత్రం తప్పు. మంట ఇంకో గంట ఉంటే జరిగే నష్టం ముందు ఇది చాలా చిన్నది. కాకపోతే పోసిన నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి. అంతస్తులో 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోల బరువు. ఇళ్ల స్లాబులను మేము చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల వాడకపు బరువుకే డిజైన్ చేస్తాం.

బయట అందానికి వేసే ఏసీపీ షీట్లు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ఇంకో పొర ఉన్నవి) బిల్డింగ్‌ను బలహీనం చేస్తాయా?

నేరుగా కట్టడాన్ని కాదు, అందులోని మనుషులు బతికి బయటపడే అవకాశాలను. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న కాలినప్పుడు కాంక్రీట్ నిలబడింది, కానీ ప్లాస్టిక్ మధ్యపొర ఉన్న బయటి షీట్ల మీదుగా మంట మొత్తం భవనం ఎక్కి 72 మంది చనిపోయారు. ఒక అంతస్తులో ఆగాల్సిన మంటను షీట్లు అన్ని అంతస్తులకూ ఒకేసారి తీసుకుపోతాయి. అప్పుడు పిల్లర్లకు కూడా అన్ని చోట్లా ఒకేసారి వేడి తగులుతుంది.

మంట వస్తే బిల్డింగ్ ఎంతసేపట్లో కూలుతుందో చూసుకుని బయటికి రావచ్చా?

అలా లెక్కలు వేసుకోవద్దు. కట్టడం పడిపోవడానికి చాలా ముందే పొగ చంపుతుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు, భవనం నిలబడే ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు పోయాయి. సొరంగం కూలలేదు, పొగ నిండింది. మెట్ల దారిలో సామాన్లు పెట్టకుండా ఉంచడం, మెట్ల తలుపులు తాళం వేయకుండా మూసి ఉంచడం, 101కి వెంటనే ఫోన్ చేయడం, ఇవి ముందు.

ఇక కూలే సూచనల సంగతి. స్లాబు కుంగడం, పిల్లర్ మీద ఏటవాలు పగుళ్లు, రాడ్లు బయటపడి వంగడం, తలుపులు బిగుసుకుపోవడం, టపటపమని శబ్దాలు. వీటిలో ఏది కనిపించినా ఎవరూ లోపలికి వెళ్లొద్దు, పక్క ఇళ్లవాళ్లు కూడా దూరం జరగాలి. ఏ సూచనా లేకుండా పడేవీ ఉంటాయి.

మంట ఆరిపోయాక ఎప్పుడు లోపలికి వెళ్లొచ్చు?

ఇంజనీరు చూసి చెప్పేదాకా వెళ్లొద్దు. మంట ఆరినా కాంక్రీట్ లోపలికి వేడి ఇంకా దిగుతూనే ఉంటుంది. సాగిన బీములు చల్లారుతూ ముడుచుకుని జాయింట్లను లాగుతాయి, చల్లారే దశలో తెగిపోయే కీళ్లు ఉంటాయి. వేడికి మిగిలిన సున్నం గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బడం వల్ల తర్వాతి రోజుల్లోనూ బలం ఇంకొంత తగ్గుతుంది. బీరువాలో బంగారం ఉందనో, షాపులో లెక్కల పుస్తకాలు ఉన్నాయనో వెళ్లేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

కాలిన పిల్లర్ పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి ఆధారం రంగు. కాంక్రీట్ 300 డిగ్రీలు దాటితే సాధారణంగా గులాబీ, ఎరుపు ఛాయకు తిరుగుతుంది. 600 దాటితే తెల్లటి బూడిద రంగు. 900 పైన లేత పసుపు. మసి తుడిచి, ఉలితో చెక్కి, గులాబీ రంగు ఎంత లోతు దాకా పోయిందో చూస్తాం. అది రాడ్డును దాటి ఉంటే రాడ్డు కూడా ఎంతో కొంత వేడెక్కిందని అర్థం. సుత్తితో కొడితే ఖంగుమనాలి, బోలుగా పలికితే లోపల విడిపోయినట్టు. ఆ తర్వాత రిబౌండ్ హ్యామర్ (కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో కొలిచే పరికరం), అల్ట్రాసోనిక్ పరీక్ష, కోర్ (గుండ్రటి కాంక్రీట్ ముక్క) తీసి నలిపి చూడడం. సుత్తి శబ్దం ఒక్కటి నమ్ముకుని ఓకే చెప్పే ఇంజనీరును నమ్మకండి.

టీఎంటీ రాడ్ల బలం వాటి గట్టి పైపొరలో ఉంది. 500 డిగ్రీల లోపు అయితే చల్లారాక చాలావరకు తిరిగి వస్తుంది. 600 దాటితే ఆ పైపొర గుణం పోతుంది, తిరిగి రాదు. అనుమానం ఉన్నచోట ముక్క కోసి లాగే పరీక్ష చేయించాలి. ప్రీస్ట్రెస్డ్ (ముందే గట్టిగా లాగి బిగించిన) తీగలైతే ఇంకా సున్నితం, 400 డిగ్రీల దగ్గరే సగం బలం పోతుంది.

రిపేర్ చేస్తే సరిపోతుందా, కూల్చేయాలా?

చాలా సందర్భాల్లో రిపేర్ అవుతుంది. పాడైన కాంక్రీట్ గట్టి పొర తగిలేదాకా చెక్కేసి, అవసరమైన చోట కొత్త రాడ్లు కలిపి, జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీట్ పొర వేయడం) చేస్తారు. దానికి ముందు పైబరువును జాకీలు, ప్రాపులతో మోయించాలి. నేను చూసిన వాటిలో అన్నిటికంటే దారుణమైన పని, కాలిన పిల్లర్‌కు మసి కడిగి, గిలాబా కొట్టి, పెయింట్ వేసి మళ్లీ కిరాయికి ఇవ్వడం. ఆ మడిగె తీసుకున్నవాడికి తన నెత్తి మీద ఏముందో తెలియదు.

ఫ్లాట్ కొంటున్నాం. ఈ విషయంలో ఏం అడగాలి?

ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) ఉందా, సెల్లార్ దేనికి అనుమతి పొందింది, ఇప్పుడు దేనికి వాడుతున్నారు, ఇవి ముందు అడగండి. స్ప్రింక్లర్లు ఉంటే ట్యాంకులో నీళ్లు, పంపుకు జనరేటర్ కరెంటు ఉన్నాయో లేదో నడిపి చూపించమనండి. ఎర్ర గాజు బల్బు ఉన్న స్ప్రింక్లర్ 68 డిగ్రీలకు పగిలి నీళ్లు చల్లుతుంది, అంటే ఉక్కుకు ఏ నష్టమూ కాకముందే. ఫాల్స్ సీలింగ్ వేసేటప్పుడు దాన్ని మూసేస్తే అది ఉండీ లేనట్టే.

స్ట్రక్చరల్ డ్రాయింగులు తప్పక తీసుకోండి. పిల్లర్ సైజు, కవర్, కాంక్రీట్ గ్రేడ్ అందులో ఉంటాయి. బిల్డర్ ఇవ్వనంటే కమిటీ తరఫున రాతపూర్వకంగా అడగండి. ఒక సెట్టు సొసైటీ ఆఫీసులో పెట్టినా, ఇంకో సెట్టు ఆ బిల్డింగ్ బయట ఎవరి ఇంట్లోనైనా ఉంచండి. ప్రమాదం జరిగిన రోజు ఫైర్ ఆఫీసరు, ఇంజనీరు మొదట అడిగేవి అవే.